ఎంబీబీఎస్ తర్వాత రీసెర్చ్: ముందు ఎండీనా, ముందు పీహెచ్‌డీనా?

చెల్లీ, నువ్వు ముఖ్యంగా అడిగినవి మూడు. కాకినాడలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నావు, అమెరికాలో లాగా ఎండీ, పీహెచ్‌డీ రెండూ కలిపి మన దగ్గర చేసే వీలుందా అన్నది మొదటిది. నాన్నగారు కొబ్బరితోట మీద అప్పు తెచ్చి చదివిస్తున్నారు, రేడియాలజీ తప్ప ఇంకోటి వద్దంటున్నారు, ఆయనకి ఏం చెప్పాలి అన్నది రెండోది. ముప్పై ఐదేళ్లు వచ్చినా "ఇంకా చదువుతున్నావా" అనిపించుకోవాల్సి వస్తుందా అన్నది మూడోది. మూడోదానికి ముందే చెప్పేస్తాను: వస్తుంది. నాకు వచ్చింది. పాలకొల్లులో ఓ పెళ్లి భోజనాల దగ్గర మా పెద్దమ్మ నన్ను పక్కింటావిడకి చూపించి "మా అమ్మాయి డాక్టరేనండి, కానీ ఇంకా డాక్టరేట్ కోసం చదువుతోంది" అంటే, ఆవిడ జాలిగా చూసి "పోన్లెండి, ఈసారి పాసవుతుందిలెండి" అంది. అప్పటికి నాకు ముప్పై నాలుగు.

నేనెవరో రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే ఈ సలహాలు ఎక్కడినుంచి వస్తున్నాయో నీకు తెలీదు. ఎంబీబీఎస్ అయ్యాక నా ర్యాంకుకి మైక్రోబయాలజీ వచ్చింది (కోరుకుని తీసుకున్నానని ఇంటర్వ్యూల్లో చెప్పేదాన్ని, అబద్ధం). 2009లో ఎండీ అయింది, మూడేళ్లు పాఠాలు చెప్పాను, ముప్పయ్యో ఏట పీహెచ్‌డీలో చేరి ముప్పై ఆరో ఏట బయటపడ్డాను, మధ్యలో ఒక బాబు. ఇప్పుడు మన డెల్టాలోనే ఒక మెడికల్ కాలేజీలో ఉన్నాను. అంటే నేను చెప్పేది ఎండీ ముందు చేసినదాని మాట. ఎంబీబీఎస్ నుంచి నేరుగా ల్యాబ్‌కి వెళ్లినవాళ్లు ఇంకోలా చెప్తారు, వాళ్ల మాట కూడా విను.

ముందు అమెరికా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ బ్యాచ్‌లో సగంమంది బుర్రలో ఉన్నది అదే. అక్కడ 1964 నుంచి ప్రభుత్వ డబ్బుతో మెడికల్ సైంటిస్ట్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ అని నడుస్తోంది. రెండేళ్లు మెడికల్ కాలేజీ, తర్వాత మూడునాలుగేళ్లు పూర్తిగా ల్యాబ్, మళ్లీ వెనక్కొచ్చి ఆస్పత్రి వార్డులు, మొత్తం ఏడెనిమిదేళ్లు. ఫీజు ఉండదు, పైగా నెలనెలా స్టైపెండ్. వినడానికి బావుంది కదా. కానీ ఆ ప్రభుత్వ డబ్బు అక్కడి పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే, పైగా నువ్వు ఇక్కడ ఎంబీబీఎస్ చదువుతూ అక్కడ మళ్లీ మొదటి సంవత్సరం మెడిసిన్‌లో కూర్చోవు. కాబట్టి ఆ దారి నీది కాదు. నీకున్నది వేరే దారి: అక్కడ ఒట్టి పీహెచ్‌డీలో చేరడం, స్టైపెండ్ ఇస్తారు, అది అయ్యాక యూఎస్ఎంఎల్ఈ (అక్కడ డాక్టరుగా పనిచేయడానికి రాసే పరీక్షలు) ద్వారా రెసిడెన్సీకి, అంటే ఆస్పత్రిలో స్పెషలిస్టు శిక్షణకి, ప్రయత్నించడం. ఇందులో మెలిక ఏంటంటే, రెసిడెన్సీకి అప్లై చేసినప్పుడు చాలా చోట్ల ఎంబీబీఎస్ అయ్యి ఎన్నేళ్లయిందో చూస్తారు, ఐదారేళ్లు రోగి మంచం పక్కన నిలబడలేదంటే సందేహిస్తారు. యూఎస్ఎంఎల్ఈలో ఉండే ఆ స్టెప్ పరీక్షలన్నిటినీ ఏడేళ్లలోపు ముగించాలన్న లెక్క కూడా ఉంది, కాబట్టి ముందే రాసేసి పక్కన పెట్టుకుందామన్నా గడియారం నడుస్తూనే ఉంటుంది. ఈ దారిలో వెళ్లి బాగుపడినవాళ్లు నాకు తెలుసు, రెండింటికీ చెడినవాళ్లూ తెలుసు.

మన దేశంలో? రెండూ ఒకేసారి రిజిస్టర్ చేసుకుందామంటే కుదరదు. 2022లో యూజీసీ (యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చు అన్నప్పుడు చాలామంది ఎగిరి గంతేశారు, మా పీజీ ఒకడు స్వీట్లు కూడా తెచ్చాడు, కానీ ఆ వెసులుబాటు పీహెచ్‌డీకి వర్తించదని అందులోనే ఉంది. ఎండీ రెసిడెన్సీ అంటే పూర్తి సమయం పని, నైట్ డ్యూటీలతో కలిపి. కాబట్టి రెండూ కలిపే కోర్సు అంటే ఆ సంస్థే కలిపి డిజైన్ చేసి ఉండాలి. ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ) కొన్నిచోట్ల ఎండీ-పీహెచ్‌డీ నడిపింది, సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. బెంగళూరు ఐఐఎస్‌సీ 2022లో సొంతంగా పీజీ మెడికల్ స్కూలు, ఆస్పత్రి కడతామని, అందులో ఎండీ-పీహెచ్‌డీ పెడతామని ప్రకటించింది. నీ ఇంటర్న్‌షిప్ అయ్యేనాటికి అది ఎంతవరకు వస్తుందో చూస్తూ ఉండు, కానీ జీవితాన్ని ఒక నోటిఫికేషన్ మీద ఆనించొద్దు.

కాబట్టి అసలు ప్రశ్న "కలిపి చేయొచ్చా" కాదు. ఏది ముందు, ఏది తర్వాత, మధ్యలో ఎంత గ్యాప్ అన్నదే.

ఎంబీబీఎస్ అవగానే నేరుగా పీహెచ్‌డీ చేయొచ్చు, ఎమ్మెస్సీ అక్కర్లేదు. సైన్సు పరిశోధనలోకి వెళ్లేందుకు రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షకి 55 శాతం మార్కులతో ఎంబీబీఎస్ అయినవాళ్లు అర్హులే. అందులో జేఆర్ఎఫ్ (నెలనెలా డబ్బిచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే హైదరాబాద్ సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలో ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. జేఆర్ఎఫ్‌కి వయసు పరిమితి ఉంది, ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపు. ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, దానిమీద ఇంటద్దె. మన ఊళ్లలో నర్సింగ్ హోముల్లో డ్యూటీ డాక్టర్‌కి ఇచ్చేదానికంటే చాలాసార్లు తక్కువే. వయసులో ఉంటావు, పిప్పెట్ పట్టుకోవడం చిన్నప్పుడే వస్తే చెయ్యి తిరుగుతుంది, అది లాభం. నష్టం ఏంటంటే ఎండీ లేకుండా ఆ పీహెచ్‌డీ పట్టుకుని వస్తే మెడికల్ కాలేజీలో మెడిసిన్ విభాగంలోనో పీడియాట్రిక్స్‌లోనో నిన్ను ఫ్యాకల్టీగా తీసుకోవడానికి రూల్ ఒప్పుకోదు. ఆరేళ్ల తర్వాత మళ్లీ నీట్ పీజీ (ఎండీ సీటు కోసం రాసే పరీక్ష) రాయాలి. పై వయసు పరిమితి లేదు, నిజమే, కానీ ఇరవై మూడేళ్ల పిల్లలతో పోటీపడి మళ్లీ బయోకెమిస్ట్రీ సైకిళ్లు బట్టీ పట్టాలి. ల్యాబ్‌లో ఆరేళ్లు ఉన్నవాళ్లు ఆ పుస్తకాలు మళ్లీ తెరవరు, నేను చూసినవాళ్లలో తెరిచింది ఒక్కరే.

అందుకే నా ఓటు ఎండీ ముందు. కారణం ఉద్యోగ భద్రత ఒక్కటే కాదు. నీ దగ్గర ప్రశ్న లేకుండా ల్యాబ్‌కి వెళ్తే గైడ్ తన ప్రశ్నలో ఒక ముక్క కోసి నీకిస్తాడు, నువ్వు ఆరేళ్లు దాన్ని మోస్తావు. ఎమ్మెస్సీ చేసి వచ్చినవాళ్లు ఆ పనిలో నీకంటే చురుగ్గా ఉంటారు కూడా. వాళ్ల దగ్గర లేనిది, నీ దగ్గర ఉండాల్సింది, వార్డు నుంచి పట్టుకొచ్చిన ప్రశ్న. అది ఎంబీబీఎస్‌లో దొరకదు. ఎంబీబీఎస్‌లో మనం కేస్ ప్రెజెంటేషన్‌లో తిట్లు తప్పించుకోవడంలో ఉంటాం.

నాకు అది ఎలా దొరికిందో చెప్తాను. నేను ఎండీ రెండో సంవత్సరం. ఊడుపుల సీజన్, వార్డులు జ్వరాలతో నిండిపోయి వరండాల్లో కూడా మంచాలు. లంక గ్రామం నుంచి ఒక కూలీ వచ్చాడు, కళ్లు పచ్చగా, ఆ పచ్చదనం కింద ఎర్రజీర, పిక్కలు ముట్టుకుంటే కేక పెట్టాడు. లెప్టో (ఎలుకల వల్ల వచ్చే జ్వరం) అనుకుని రక్తం మా ల్యాబ్‌కి పంపారు. జ్వరం వచ్చి మూడో రోజు. ఎలైజా (రక్తంలో యాంటీబాడీలు వెతికే పరీక్ష) చేశాను, నెగటివ్. సంతకం పెట్టి పంపేశాను. వార్డులో ఉన్న పెద్దాయన నా రిపోర్టుని పక్కన పెట్టి పెన్సిలిన్ మొదలుపెట్టారట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. వారం గడిచాక అతని భార్య మా కిటికీ దగ్గరికి వచ్చింది, కాగితం పోయింది ఇంకో కాపీ ఇవ్వండి అని. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ కోసం ఇంకో ఆస్పత్రికి మార్చారు, వాళ్లు పాత రిపోర్టులన్నీ అడుగుతున్నారు అంది. నాకెందుకో అనుమానమొచ్చి మళ్లీ రక్తం తెప్పించి చేశాను. ఈసారి ప్లేటులో ఆ గుంట ముదురు పసుపు. పాజిటివ్. పాత కాగితం, కొత్త కాగితం రెండూ ఆవిడ చేతిలో పెట్టి విషయం చెప్పాను. ఆవిడకి చదువు రాదు, కానీ రెండు కాగితాలనీ పక్కపక్కన పట్టుకుని అడిగింది: "అప్పుడు లేని జబ్బు ఇప్పుడెలా వచ్చిందండి?"

యాంటీబాడీలు తయారవడానికి ఐదారు రోజులు పడుతుంది, మొదటి వారంలో ఎలైజా నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. ఇది కిట్ డబ్బాలో పెట్టే కాగితంలోనే ఉంటుంది. నాకూ తెలుసు, పరీక్షలో రాశాను కూడా. కానీ మన దగ్గర దానికి రెండో మెలిక ఉంది. ఏటా సార్వాకీ దాళ్వాకీ బురదలో దిగేవాళ్ల రక్తంలో పాత యాంటీబాడీలు కొంత ఎప్పుడూ ఉంటాయి, అంటే పాజిటివ్ వచ్చినా అది ఈ జ్వరానిదా పోయినేడుదా అని అనుమానమే. మరి మన డెల్టాలో ఏ రోజు వచ్చిన రోగికి ఏ పరీక్ష చేస్తే, ఎంత విలువ దాటితే నమ్మాలి? ఆ జవాబు ఏ పుస్తకంలోనూ మన ఊరి పేరుతో లేదు. సూక్ష్మజీవిని బతికించి పెంచి చేసే మ్యాట్ పరీక్ష ఉంది, అది అన్నిటికంటే నమ్మకమైంది, కానీ దాన్ని చేయగల ల్యాబ్‌లు తక్కువ. ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను మూడేళ్లు వదల్లేదు, పాఠాలు చెప్తున్నప్పుడు కూడా. వదలకపోవడమే గుర్తు చెల్లీ. ఒక ప్రశ్న ఆరునెలల తర్వాత కూడా గుర్తొచ్చి చికాకు పెడుతుంటే అప్పుడు పీహెచ్‌డీ గురించి ఆలోచించు. పేరు వెనక ఇంకో మూడక్షరాల కోసమైతే వద్దు, దానికంటే డీఎం (ఎండీ తర్వాత సూపర్ స్పెషాలిటీ) చేయి, మూడేళ్లలో అయిపోతుంది, గౌరవం ఎక్కువ, డబ్బూ ఎక్కువ.

ఇక పీహెచ్‌డీ రోజులు. దీని గురించి ఎవరూ నిజం చెప్పరు. ఎండీలో పని ఎక్కువ, కానీ ప్రతి రోజూ ఏదో ఒకటి అవుతుంది, రోగి వస్తాడు, రిపోర్ట్ వెళ్తుంది, సాయంత్రానికి చేసిన పని కనిపిస్తుంది. పీహెచ్‌డీలో నాలుగు నెలలు రోజూ వెళ్లి ఏమీ కాకుండా ఇంటికి రావచ్చు. డాక్టర్లకి ఇది చాలా కష్టం, మనకి అలవాటు లేదు.

నా మూడో సంవత్సరంలో సంక్రాంతికి వారం ఊరొచ్చాను. పీసీఆర్ కోసం దాచిన రక్తం, మూత్రం శాంపిళ్లు మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో ఉన్నాయి, పద్నాలుగు నెలలు ఊళ్లూ ఆస్పత్రులూ తిరిగి పోగేసినవి. కనుమ వెళ్లాక తిరిగొచ్చి తలుపు తీస్తే ఫ్రీజర్ ముందు నేలంతా నీళ్లు. ఎప్పుడో కరెంటు ట్రిప్ అయింది, జనరేటర్ లైన్‌కి ఆ ప్లగ్ కలిపి లేదు, అలారం బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, సెలవుల్లో ఎవరూ రాలేదు. అట్టపెట్టెలు మెత్తబడి కూలిపోయాయి, ట్యూబుల మీద నేను రాసిన నంబర్లు కరిగి నీలం మరకలయ్యాయి. తలుపు తీయగానే ఒక వాసన వచ్చింది, అది ఇప్పటికీ గుర్తుంది, దాని గురించి ఇక్కడ రాయను. గైడ్‌కి ఫోన్ చేస్తే ఆయన కాసేపు మాట్లాడకుండా ఉండి "సీరం మిగిలుంటే ఎలైజాకి పనికొస్తుందేమో చూడమ్మా" అన్నారు. ఆ సంస్థలో తప్పెవరిదో తేల్చడానికి ఒక కమిటీ వేశారు, అది ఇప్పటికీ తేల్చలేదు. నేను మళ్లీ మొదటినుంచి శాంపిళ్లు పోగేశాను, ఒక సంవత్సరం కాదు, రెండు సీజన్లు, ఎందుకంటే జ్వరాలు నీ డెడ్‌లైన్ చూసి రావు, వానలు చూసి వస్తాయి.

ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు. ల్యాబ్‌లో చేరేముందు "ఇక్కడ ఏం పేపర్లు వచ్చాయి" అని అందరూ అడుగుతారు, నువ్వు మాత్రం ఫ్రీజర్‌కి బ్యాకప్ ఉందా, గైడ్ ఎప్పుడు రిటైర్ అవుతున్నారు, ఇంతకుముందు ఆయన దగ్గర చేరినవాళ్లలో ఎందరు ముగించారు, ఎన్నేళ్లకి ముగించారు, ఇప్పుడెక్కడున్నారు అని అడుగు. పాత విద్యార్థి ఒకరికి ఫోన్ చేసి మాట్లాడు. వాళ్లు "సార్ చాలా మంచివారు" అని ఆగిపోతే ఆ ఆగడాన్ని విను.

రూల్స్ కొంచెం మెరుగయ్యాయి, అది కూడా చెప్పాలి. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆడవాళ్లకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు, ప్రసూతికీ పిల్లల పెంపకానికీ కలిపి 240 రోజుల వరకు సెలవు. ఉద్యోగం చేస్తూ పార్ట్ టైమ్‌గా చేసే వీలు కూడా ఉంది, పై అధికారి నుంచి ఎన్ఓసీ తెచ్చుకోవాలి. నువ్వు ఎండీ అయ్యి ఏదైనా కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి అక్కడినుంచి పార్ట్ టైమ్ చేయడం చాలామంది ఎంచుకునే దారి. కానీ రోజంతా ఓపీ చూసి సాయంత్రం ఐదుకి రీసెర్చ్ మొదలుపెడతానంటే అది థీసిస్ అవుతుందేమో గానీ రీసెర్చ్ అవదు. వారంలో రెండు రోజులు నీవి అని రాతపూర్వకంగా ఒప్పుకోని చోట పార్ట్ టైమ్ మొదలుపెట్టకు.

సుబ్బారావు గారి గురించి నువ్వు కూడా రాశావు కదా, "భీమవరంలో పుట్టినాయన చేశాడు, నేనెందుకు చేయలేను" అని. మంచిదే, కానీ ఆ కథ మనవాళ్లు సగమే చెప్తారు. యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో మెడిసిన్ చదివి, 1920ల మొదట్లో హార్వర్డ్‌కి వెళ్లి, ఖర్చులకి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేసి, 1930లో పీహెచ్‌డీ పుచ్చుకున్నారు. అంటే నువ్వడుగుతున్న కలయిక ఆయన దాదాపు వందేళ్ల క్రితమే చేశారు. అప్పటికే ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి అక్కడి గైడ్ ఫిస్కె పేరు పక్కన ఆయన పేరు ఉంది, కండరాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పని అయిపోయింది. అయినా హార్వర్డ్ ఆయనకి శాశ్వతమైన కుర్చీ ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు, అక్కడ ల్యాబ్ ఇచ్చారు, మనుషుల్ని ఇచ్చారు, ఎనిమిదేళ్లలో ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకి వాడే డీఈసీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ అన్నీ ఆ గూటి నుంచి వచ్చాయి. 1948లో పోయారు. నేను చెప్పేది ఏంటంటే, డిగ్రీ ఒకటి, కుర్చీ ఒకటి. డిగ్రీ నువ్వు తెచ్చుకోవచ్చు. కుర్చీ ఎవరో ఇవ్వాలి, ఆ ఇచ్చేవాళ్లు ఎక్కడున్నారో వెతుక్కోవడం కూడా నీ చదువులో భాగమే.

మన దగ్గర ఆ కుర్చీలు నిజంగా తక్కువ. నేను పీహెచ్‌డీ ముగించి తిరిగొచ్చినప్పుడు ఇచ్చిన టైమ్‌టేబుల్‌లో వారానికి పద్నాలుగు క్లాసులు, ల్యాబ్ రిపోర్టుల సంతకాలు, ఇన్‌స్పెక్షన్ ఫైళ్లు, ఎగ్జామ్ డ్యూటీలు. రీసెర్చ్ అన్న గడి లేనే లేదు. "మేడం పీహెచ్‌డీ కదా, ఇన్‌స్పెక్షన్‌కి ప్రెజెంటేషన్ మీరే చేయండి" అన్నారు, నా పీహెచ్‌డీకి మొదటి రెండేళ్లు దొరికిన గుర్తింపు అదే. బయటినుంచి గ్రాంట్ తెచ్చుకున్నాకే పరిస్థితి మారింది, ఎందుకంటే గ్రాంట్‌తో పాటు కాలేజీకీ కొంత డబ్బు వస్తుంది, డబ్బు వస్తే టైమ్‌టేబుల్ దానంతటదే వంగుతుంది. డాక్టర్లకి ఇచ్చే ఫెలోషిప్‌లలో ఇండియా అలయన్స్ వాళ్ల క్లినికల్, పబ్లిక్ హెల్త్ ఫెలోషిప్‌లు చూసి పెట్టుకో, ఎండీ ఉంటే పీహెచ్‌డీ లేకపోయినా అప్లై చేయొచ్చు. అది గొప్ప విషయం, చాలామందికి తెలీదు.

అసలు పీహెచ్‌డీ లేకుండా కూడా రీసెర్చ్ చేయొచ్చు, ఇది పక్కన పెట్టేయకు. చెన్నైలో ఎన్ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ) వాళ్ల ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో మాస్టర్స్, ఉంది, ఊళ్లలో జబ్బులు ఎలా పాకుతాయో లెక్కలతో పట్టుకోవడం నేర్పిస్తారు. నీకు పరికరాలంటే ఇష్టమైతే ఖరగ్‌పూర్ ఐఐటీ ఎంబీబీఎస్ అయినవాళ్లకే ప్రత్యేకంగా మూడేళ్ల మాస్టర్స్ నడుపుతోంది. 2020 డిసెంబరులో ఏలూరు గుర్తుందా, జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయి వందలమంది ఆస్పత్రిలో చేరారు. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ అన్నారు, ఎన్ఐఎన్ (హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు పురుగుమందుల వైపు చూపించారు, నీళ్లా, కూరగాయలా అని వాదన నడిచింది. ఆ వారం నాకు అనిపించింది, మన జిల్లాలో మొదటి రోజే సరైన శాంపిల్ సరైన డబ్బాలో తీసి లేబుల్ రాసి పెట్టే మనిషి ఒకరుంటే ఎంత తేడా ఉండేదో అని. ఆ మనిషికి పీహెచ్‌డీ అక్కర్లేదు. అలా ఆలోచించే అలవాటుంటే చాలు.

నాన్నగారి విషయం. ఆయనతో గొడవ పడకు, ఆయన లెక్క తప్పేం కాదు. అప్పు ఉన్నప్పుడు రేడియాలజీ అన్నది మంచి జవాబు. రేడియాలజీ తీసుకుంటే రీసెర్చ్ పోయినట్టు కాదు, స్కాన్లని కంప్యూటర్లతో చదివించే పనిలో ఇప్పుడు ఇంజినీర్లు డాక్టర్ల కోసం వెతుక్కుంటున్నారు. ఎండీ చేయి, ఏదైనా సరే, రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి అప్పు సగమైనా తీర్చు, అప్పుడు పీహెచ్‌డీ అను. "నాన్నా, ముందు తోట విడిపిద్దాం, తర్వాత ఆరేళ్లు నావి" అని ఇప్పుడే చెప్పి ఉంచు. నాన్నలకి గడువు, లెక్క చెప్తే వింటారు, ఆశయాలు చెప్తే వినరు. మా నాన్నగారికి నేను చివరిదాకా ఏం చేస్తున్నానో అర్థం కాలేదు, కానీ ఏ సంవత్సరం ముగుస్తుందో మాత్రం క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నారు. తప్పింది, అది వేరే సంగతి.

పెళ్లి గురించి అడగలేదు గానీ అడగాలనుకున్నావని తెలుస్తోంది. సంబంధాలు చూసేటప్పుడు "అమ్మాయి ఇంకా చదువుతుంది" అని మీవాళ్లు నసగకుండా ముందే చెప్పాలి, ఎన్నేళ్లో కూడా చెప్పాలి. మా ఆయన బ్యాంకు ఉద్యోగి, ఆయన బదిలీలు నా ల్యాబ్ ఊరికి సరిపడలేదు, నాలుగేళ్లు వేరేవేరే ఊళ్లలో ఉన్నాం, బాబుని మా అత్తగారు పెంచారు. ఆవిడ లేకపోతే నాకు పీహెచ్‌డీ లేదు, థీసిస్ మొదటి పేజీలో ఆవిడ పేరు ఉంది, ఆవిడ దాన్ని దేవుడి గదిలో పెట్టారు.

ఇప్పుడు నువ్వేం చేయాలో చెప్తాను. ఐసీఎంఆర్ వాళ్ల ఎస్‌టీఎస్ (షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్) అని ఉంది, 1979 నుంచి నడుస్తోంది, ఎంబీబీఎస్ విద్యార్థులకి రెండు నెలల చిన్న ప్రాజెక్టు, స్టైపెండ్ కూడా ఇస్తారు. ఫైనల్ ఇయర్ మీద పడేలోపు ఒకటి చేయి. ప్రొఫెసర్ల వెంట పడి "టాపిక్ ఇవ్వండి సార్" అనకు, వార్డులో నీకే ఏదో ఒకటి చికాకు పెట్టి ఉంటుంది, అది పట్టుకెళ్లు. చిన్నదైనా ఫర్వాలేదు. మేము ఇంటర్న్‌షిప్‌లో బోదకాలు సర్వేకి వెళ్లేవాళ్లం, ఆ పురుగులు రక్తంలోకి రాత్రిపూటే వస్తాయి కాబట్టి మనమూ రాత్రి ఎనిమిది దాటాకే వెళ్లాలి. కాలువ గట్టు మీద టార్చ్ లైట్లతో, నిద్రపోబోతున్న జనాన్ని లేపి వేలు గుచ్చి, గాజుపలక మీద మందంగా రక్తం పూసి ఆరబెట్టాలి. మొదటి రోజు నేను తీసిన స్లైడులన్నీ కిటికీ గట్టు మీద ఆరబెట్టి పడుకున్నాను, పొద్దున్నే చూస్తే చీమలు సగం రక్తం తినేశాయి, స్లైడ్ల మీద గుండ్రంగా ఖాళీలు. మర్నాడు రాత్రి మళ్లీ అదే వీధికి వెళ్లి మళ్లీ అదే వేళ్లు గుచ్చాల్సి వచ్చింది. ఒక ముసలావిడ "నిన్న తీసిన రక్తం ఏం చేశావే" అని తలుపేసేసింది. రెండోసారి ఆ వీధికి వెళ్లడానికి నీకు మనసొప్పుతుందా లేదా అన్నది ఎస్‌టీఎస్‌లో తెలుస్తుంది. ఒప్పకపోతే సిగ్గుపడాల్సిందేం లేదు, రెండు నెలల్లో తెలిసింది, ఆరేళ్లలో కాదు.

స్టాటిస్టిక్స్ ఇప్పటినుంచే నేర్చుకో, ఎక్సెల్‌తో ఆగిపోకు. ఎండీకి వెళ్లాక థీసిస్ టాపిక్ సీనియర్ది తీసుకుని ఊరి పేరు, సంవత్సరం మార్చే పని చేయకు, అందరూ చేస్తారు, నేనూ చేయబోయాను. ఎండీ థీసిస్ అంటే నీకు ఉచితంగా దొరికే రిహార్సల్, దాన్ని నిజంగా చేస్తే పీహెచ్‌డీ నీకు సరిపడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

చేసినందుకు బాధపడుతున్నారా అని చివర్లో అడిగావు. ఆ కూలీ బతికాడు, రెండేళ్ల క్రితం షుగర్ పరీక్షకి వచ్చి నన్ను గుర్తుపట్టలేదు, నేను పట్టాను. ఇప్పుడు మా ల్యాబ్ నుంచి మొదటి వారంలో వెళ్లే ప్రతి నెగటివ్ రిపోర్టు కింద "జ్వరం తగ్గకపోతే వారం తర్వాత మళ్లీ పంపండి" అని తెలుగులో ఒక వాక్యం ఉంటుంది, దాన్ని పెట్టించడానికి నాకు పదకొండు నెలలు పట్టింది, పీహెచ్‌డీ కంటే అదే కష్టమైంది. ఇక సంక్రాంతికి మా వాళ్లందరూ భీమవరం బయల్దేరుతుంటే నేను భోగి రోజు పొద్దున్నే ఒక్కదాన్నే కాలేజీకి వెళ్లి ఫ్రీజర్ మీద అంకె చూసి, రిజిస్టర్‌లో టైమ్ రాసి సంతకం పెట్టి వస్తాను. వాచ్‌మన్‌కి అలవాటైపోయింది. నేను గేటు దగ్గర కనపడగానే "మైనస్ డెబ్భై తొమ్మిదే ఉందండి మేడం, ఇప్పుడే చూసొచ్చాను, ఆయ్" అంటాడు. అయినా లోపలికి వెళ్లి చూసే వస్తాను.